మేత పోరంబోకులో జేసీబీ దించే ముందు ఒక్క గుంత తవ్వి చూడండి: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నేను గోపాలమిత్రను. బండి మీద పల్లెలు తిరుగుతూ ఆవులకు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయడం నా పని. శేషాచలం కొండ కింద మా ఊరి మేత పోరంబోకు గురించి ఈ లేఖ రాస్తున్నాను. కాగితాల్లో అది పోరంబోకు. ఆఫీసుల్లో మాత్రం దాన్ని ‘ఖాళీగా పడి ఉన్న భూమి’ అంటారు. పొద్దున ఏడింటికి వచ్చి చూడండి సార్, అక్కడ ఖాళీ ఎక్కడుంటుంది? మూడు మందల జీవాలు, ఊరి ఆవులు, దూడలు అన్నీ అక్కడే.

పోయిన వేసవిలో ఒక శాఖ వాళ్ళు అందులో కొంత భాగం చదును చేసి, నడుం లోతు గుంతలు తీసి మామిడి, జామ మొక్కలు నాటారు. ఏ శాఖో చెప్పను, తప్పు ఒక్కరిది కాదు. పని కూడా మొక్కుబడిగా చేయలేదు, ట్యాంకర్ పెట్టి నీళ్ళు పోశారు. అయినా ఆరు నెలలు తిరక్కుండానే లేతాకులు పసుపు తిరిగాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతలు గీసినట్టు మిగిలాయి. సంక్రాంతికి చాలా మొక్కలు పుల్లలయ్యాయి. పోతే పోయాయి, మొక్కలు మళ్ళీ నాటుకోవచ్చు. నా బాధ గడ్డి గురించి. గుంతల్లోంచి తీసి పోసిన మన్ను మీద రెండు కార్తెల వాన పడినా పోచ మొలవలేదు. ఇప్పుడు అక్కడ లేస్తున్నది సర్కారు తుమ్మ ఒక్కటే.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే పూడ్చకుండా వదిలేసిన గుంతలోకి దిగాలి. నేను దిగాను. పైన అడుగున్నర మేర ఎర్రమన్ను, గడ్డి వేర్లన్నీ అందులోనే. దాని కింద మన్నులో తెల్లటి చుక్కలు. ఇంకాస్త కిందికి పోతే రేగ్గింజంత, గచ్చకాయంత సున్నపు గుళ్ళు. ఆ కింద గడ్డపార దిగని తెల్లటి గట్టి పొర. ఒక రాయి పెకలించి చూశాను. పైభాగం శుభ్రంగా ఉంది, అడుగున సున్నం కొట్టినట్టు తెల్లటి పూత. ఒక సున్నపు గుండును నలిపి, జేబులో ఉన్న నిమ్మకాయ దాని మీద పిండితే సుయ్యిమని నురగ వచ్చింది. పైనున్న ఎర్రమన్ను మీద పిండితే ఏమీ రాలేదు.

ఆ సున్నం ఎవరూ తెచ్చి పోసింది కాదు. కొండ మీంచి ఉరికి వచ్చే వంక, వాలు తగ్గిన చోట వేగం చచ్చి, మోసుకొచ్చిన రాళ్ళూ గరుసూ దింపేస్తుంది. ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు దారి మార్చుకుంటూ విసనకర్ర విప్పినట్టు మేట పరుస్తుంది. 2021 నవంబరు వానలకు మన వంకలు ఎట్లా దారి మళ్ళాయో చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. శేషాచలం పైభాగం క్వార్ట్జైట్ రాయి, అందులో సున్నం లేనట్టే లెక్క. కానీ దాని కింద ఉన్నది గ్రానైటు జాతి పాత రాయి. తిరుమల ఘాట్ రోడ్డులో ఆ రెండూ కలిసే గీతను జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు కూడా. ఆ పాత రాయి చివికితే కాల్షియం బయటికొస్తుంది. గాలికి కొట్టుకొచ్చే దుమ్ములోనూ కొంత ఉంటుంది. వాన దాన్ని కరిగించి కిందికి తీసుకెళ్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 900 మిల్లీమీటర్ల పైచిలుకు, మన ఎండకు ఆవిరయ్యేది అంతకన్నా ఎక్కువ. అందుకే నీళ్ళు నేలను పూర్తిగా కడిగి పోలేవు. తడి ఎంత లోతుకు పోయి ఆగుతుందో, ఆ కాల్షియం సున్నమై అక్కడే గడ్డకడుతుంది.

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం లాస్ క్రూసెస్ చుట్టుపక్కల ఇలాంటి కొండపాదు మేటల మీద 1957లో పెద్ద సర్వే మొదలుపెట్టారు. అక్కడిది మనకన్నా చాలా ఎండు నేల, మేత బీళ్ళే ఎక్కువ. ఆ శాస్త్రవేత్తలు 1966లో సున్నం పేరుకునే తీరును నాలుగు దశలుగా చెప్పారు: ముందు రాయి అడుగున పూత, తర్వాత గుళ్ళు, తర్వాత సందులన్నీ పూడిపోవడం, చివరికి పైన పలకలా పొర కట్టడం. దీనికి వేల ఏళ్ళు పడుతుంది. మా గుంతలో నేను చూసింది మూడో దశ అనుకుంటున్నాను. వేల ఏళ్ళకు కట్టిన ఆ పొరను జేసీబీ ఒక్క పూటలో పెకలించి, గడ్డి బతికే మన్నును కిందికి, సున్నాన్ని పైకి చేసి పోయింది.

సున్నం ఎక్కువైన నేలలో ఇనుము, జింకు ఉన్నా వేరుకు అందవు. భాస్వరం కాల్షియంతో కలిసి గట్టిపడిపోతుంది. మొక్కల ఆకులు పసుపు తిరిగింది ఇనుము అందకే. వేరుశనగకు ఇలా వస్తే మా రైతులు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉన్న లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. ఊరుమ్మడి బీడుకు ఎవరు కొడతారు?

నా పనిలో రోజూ కనబడేది ఇంకొకటుంది. ఈ బీళ్ళ మీద మేసే ఆవులు కొన్ని గోడలు నాకుతాయి, ఎముకలు కొరుకుతాయి, తీగ మీద ఆరేసిన చీర నమిలేస్తాయి. “గాలి సోకిందేమో చూడు నాయనా” అని ఒక అవ్వ నన్ను పిలిచింది. గాలీ కాదు ధూళీ కాదవ్వా, గడ్డిలో భాస్వరం చాలడం లేదు అని చెప్పి ఖనిజ లవణ మిశ్రమం రాసిచ్చాను. ఇంకో చిత్రం, నేలంతా సున్నమే అయినా ఈనిన జెర్సీ ఆవుకు పాలజ్వరం వస్తే డాక్టర్ గారు కాల్షియం సీసా ఎక్కించాల్సిందే. నేలలో ఉన్న కాల్షియం వేరు, ఈనిన పూట ఒంట్లోంచి పాలలోకి పోయే కాల్షియం వేరు.

ఇదంతా మీ అధికారులకు ఎందుకు తెలియలేదంటే, చూపించే కాగితం లేదు. 2015లో వచ్చిన భూసార పరీక్ష కార్డులో 12 అంశాలుంటాయి. ఉదజని సూచిక (పీహెచ్) ఉంటుంది, ఇనుము ఉంటుంది, నేలలో సున్నం ఎంతుందో మాత్రం ఉండదు. మన్ను తీసేది కూడా పైనుంచి జానెడు లోతులోపే. మా దగ్గర జానెడు లోతులో అంతా బాగానే ఉంటుంది కదా! పైగా కార్డు రైతు పేరు మీద వస్తుంది. పోరంబోకుకు రైతు ఎవరు?

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. కొండ కింది మేత భూముల్లో ఏ పని మంజూరు చేసినా, ముందు మూడడుగుల గుంతలు రెండు మూడు చోట్ల తీయించి, సున్నం ఎంత లోతులో తగులుతోందో ఫైల్లో రాయించండి. ఎస్వీ వ్యవసాయ కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయం రెండూ తిరుపతిలోనే ఉన్నాయి. సున్నం పైకే ఉన్న చోట గుంతలు వద్దు, చదును అసలే వద్దు. మొదటి వానకు అంజన్ గడ్డి, స్టైలో (పప్పుజాతి మేత మొక్క) విత్తనం చల్లించి, కొంత భాగం వంతులవారీగా మేపకుండా వదిలేలా గ్రామసభలో ఒప్పించండి. ఇది కాస్త కష్టం, జీవాల కాపరులతో గొడవలు వస్తాయి, నాకు తెలుసు. ఊరుమ్మడి భూములను కాపాడాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. ఆక్రమణలకే కాదు, మంచి ఉద్దేశంతో చేసే పనులకూ ఆ మాట గుర్తు పెట్టుకోవాలని నా మనవి.

కొంచెం తొందరగా చూడాలి సార్. మిగిలిన బీడులో కూడా పోయిన వారం ముగ్గుపిండితో గుర్తులు వేసి వెళ్ళారు. మండలంలో ఎవరినైనా పంపితే పాత గుంత దగ్గరికి నేనే తీసుకెళ్తాను. నిమ్మకాయ కూడా నేనే తెస్తాను.

ఇట్లు,
ఒక గోపాలమిత్ర,
తిరుపతి జిల్లా