రిపోర్టులో ఆ ఒక్క మాట గురించి

చిట్టీ,

ఎండలు ముదిరాయి. ఆవకాయ పెట్టడం అయిపోయింది, నీ జాడీ అమ్మ పక్కన పెట్టింది, రాంబాబు వస్తే పంపిస్తాం. ఈమధ్య ఫోన్ చేసినా అమ్మతో మాట్లాడి పెట్టేస్తున్నావు. పెద్దత్త నీకు ఏదో చెప్పిందట కదా, నాన్న మెదడు ఎండిపోతోందని? ఎమ్మారై రిపోర్టులో ఉన్నది 'వయసుకు తగిన కుంచింపు' అనే మాట, అంతే తల్లీ.

మెదడు అడుగున కాడేట్, పుటామెన్ అని నాడీకణాల గుంపులుంటాయి. కదలికలు, అలవాట్లు వాటి చేతిలోనే. ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా అవి నడివయసుకి ముందు నుంచే కొద్దికొద్దిగా తగ్గుతుంటాయి, ఇనుము పేరుకుంటుంది, డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు తగ్గుతాయి. హిప్పోకాంపస్ అని మెదడులోనే ఇంకో భాగం ఉంది, అది అలా కాదు, చాలాకాలం నిలకడగా ఉండి 60 దాటాక జోరుగా తగ్గుతుంది. కొత్త సంగతులు గుర్తుపెట్టుకునేది దాంతోనే. నాకు 69.

పెద్దత్త చూసింది శేషు కొడుకు పెళ్ళిలో. ఒకతను వచ్చి మాస్టారూ అని కాళ్ళకి దండం పెట్టాడు. మొహం తెలుసు, కిటికీ పక్క బెంచీ తెలుసు, ల్యాబ్‌లో కప్పని కోయమంటే బయటికి పరిగెత్తడం కూడా తెలుసు, పేరొక్కటే రాలేదు. పెద్దత్త పక్కనుంచి ఏవేవో పేర్లు అందిస్తోంది, అతనేమో నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత పంక్తిలో ముద్దపప్పు వడ్డిస్తుంటే ఠక్కున వచ్చేసింది, సత్యనారాయణా అని కేకేస్తే చెయ్యి కడుక్కుంటున్నవాడు గబగబా వచ్చాడు. అప్పటికి అత్త బస్సెక్కేసింది. పేరు ఆలస్యంగా రావడం వయసు. అసలు ఆ పెళ్ళికి వెళ్ళిన సంగతే గుర్తులేకపోతే, అప్పుడు భయపడాలి.

2011లో అమెరికాలో 55 నుంచి 80 ఏళ్ళవాళ్ళని ఏడాదిపాటు నడిపించి చూస్తే హిప్పోకాంపస్ 2 శాతం దాకా పెరిగింది, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టినవాళ్ళకి తగ్గింది. అందుకే పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తున్నాను.

నువ్వు మాత్రం రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చోకు. మన ఇంట్లో అందరికీ బీపీ ఉంది, నువ్వూ చూపించుకో. మెదడు లోతుల్లోకి వెళ్ళే సన్నటి రక్తనాళాలని ముందు పాడుచేసేది అదే. టిఫిన్ మానకు.

ఉద్యోగం వదిలేసి వచ్చేస్తానని సుధతో అన్నావట. ఈ రిపోర్టు కోసం అలాంటి పని చెయ్యొద్దు. ఆదివారం ఫోన్ చెయ్, అమ్మకి కాదు, నాకు. ఏం అడగాలనుందో నన్నే అడుగు. కళ్ళజోడు మార్పించుకున్నావా?

నాన్న