విజయవాడ కీలర్ పాఠకుల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికా మిస్టరీ రచయిత హ్యారీ స్టీఫెన్ కీలర్ నవలల్ని నవ్వుకోడానికి చదివేవాళ్లూ ఉన్నారు, ముడి ఎలా విడుతుందో చూడ్డానికి చదివేవాళ్లూ ఉన్నారు. ఈ ఏడాది చదువు సభల్లో, కథల అల్లికను గీసే పటాల పనిలో, అనువాదాల్లో తేలింది ఒకటే. కథను నమ్మి చదివిన రోజునే నవ్వు కూడా వచ్చింది.

కొత్తగా చేరినవారి కోసం నాలుగు మాటలు. కీలర్ 1890లో షికాగోలో పుట్టి, 1967లో అక్కడే పోయాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, పగలు ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తూ రాత్రిళ్లు కథలు రాశాడు. ఇరవయ్యేళ్ల వయసులో కన్నతల్లే ఆయన్ని పిచ్చాసుపత్రిలో చేర్పించింది. ఆ తర్వాతి నవలల్లో పిచ్చాసుపత్రులు ఎందుకు అన్నిసార్లు వస్తాయో ఆలోచించేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. 1930లలో పేరున్న ప్రచురణకర్తలే ఆయన్ని అచ్చువేశారు. 1940లకు అద్దె గ్రంథాలయాలకు అమ్ముకునే చౌక ప్రచురణే మిగిలింది. 1953 తర్వాత బతికున్నంతకాలం ఇంగ్లీషులో ఒక్క కొత్త నవలా రాలేదు. కొన్ని స్పానిష్, పోర్చుగీసు అనువాదాలుగా మాత్రమే వెలువడ్డాయి, కొన్నింటికి ఆ అదృష్టమూ లేదు. అయినా రాయడం మానలేదు. 1997లో అమెరికాలో తత్వశాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ పోల్ట్ కీలర్ సొసైటీని పెట్టారు. ఫెండర్ టక్కర్ రాంబుల్ హౌస్ పేరుతో ఆ నవలల్ని మళ్లీ అచ్చులోకి తెచ్చారు. మన చేతుల్లో ఈ పుస్తకాలు ఉండడం వాళ్ల చలవే.

చదువు సభలు

ఈ ఏడాది పైకి చదివినది 1934 నాటి ‘ద రిడిల్ ఆఫ్ ద ట్రావెలింగ్ స్కల్’. ట్రాముబండిలో చేతిసంచీలు తారుమారవుతాయి, ఇంటికొచ్చి తెరిస్తే లోపల పుర్రె ఉంటుంది. కొత్తవారికి మొదట ఇవ్వాల్సిన నవల ఇదే.

ఒక్కొక్కరి వంతు 20 నిమిషాలు దాటకూడదు. కీలర్ వాక్యం డాష్‌ల మీద డాష్‌లతో సాగుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోకపోతే వాక్యం నడిమధ్యలో తెగుతుంది, తెగితే వినేవాళ్లకు ఎవరు ఎవర్ని అన్నారో తెలియదు. అందుకని చదివేవారు తమ భాగాన్ని ఇంట్లో కనీసం రెండుసార్లు పైకి చదువుకుని రావాలి. గొంతు మార్చడం, నవ్వు రాబోయే చోట ఆగి జనం వైపు చూడడం వద్దు. కీలర్ ఎంతటి అసంభవాన్నయినా రైళ్ల టైమ్‌టేబుల్ చదివినంత నిబ్బరంగా చెప్తాడు. ఆ నిబ్బరానికీ, అక్కడ జరుగుతున్నదానికీ మధ్య ఉన్న దూరంలోంచే నవ్వు పుడుతుంది. చదివేమనిషి ముందు నవ్వితే ఆ దూరం చెరిగిపోతుంది.

ఏరిన ముక్కలు చదివే పద్ధతి మన సభలకు పనికిరాదు. 1936లో వచ్చిన ‘ద మార్సో కేస్’ నే తీసుకోండి. పచ్చికబయలు మధ్యలో ఒకాయన గొంతు నులమబడి చచ్చిపడి ఉంటాడు. పసిబిడ్డ వేషం వేసుకుని ఆకాశంలోంచి దిగే మరుగుజ్జు హంతకుడి మీద అనుమానం. ఈ ఒక్క ముక్క చెప్తే విన్నవాళ్లు ఒకసారి నవ్వి మరిచిపోతారు. నవలలో అది ఉత్తరాలు, టెలిగ్రాములు, ఛాయాచిత్రాల కట్టగా వస్తుంది. ఒక్కో కాగితమూ విప్పుకుంటూ వచ్చినవాళ్లు మాత్రం ఆ మరుగుజ్జును కాసేపు నిజంగా నమ్ముతారు. ఆ కాసేపు కోసమే ఇంత శ్రమ.

‘ద బాక్స్ ఫ్రమ్ జపాన్’ ఎప్పుడు చదువుతామని చాలామంది అడుగుతున్నారు. అది 765 పుటలు. పుటకు మూడు నిమిషాలు వేసుకున్నా 38 గంటలు దాటుతుంది, రెండేసి గంటల చొప్పున ఇరవై సభలు కావాలి. 1932లో అచ్చయిన ఆ నవలలో కథ 1942లో, అంటే అప్పటికి రాబోయే కాలంలో, జరుగుతుంది. ఊహించిన యంత్రాల వివరాలు వదిలేస్తే చివర ముడి అందదు కాబట్టి కుదించి చదవడం కుదరదు. ఇరవై సభలకు మనుషులు నిలబడతారని నమ్మకం కలిగాకే మొదలుపెడదాం.

ఎండాకాలంలో సభలు ఉదయం ఆరున్నరకే. తొమ్మిది దాటితే మన ఊళ్లో ఫ్యాను కింద కూడా పుర్రె మీద మనసు నిలవదు.

అల్లిక పటాలు

కీలర్ తన కథానిర్మాణాన్ని వెబ్‌వర్క్, అంటే సాలెగూటి అల్లిక, అన్నాడు. 1928లో ‘ఆథర్ అండ్ జర్నలిస్ట్’ పత్రికలో దాని గురించి పెద్ద వ్యాసం రాస్తూ, తన తొలి నవల అల్లికను గీసి చూపించాడు. ఒక్కో మనిషికి ఒక దారం, ఒక్కో వస్తువుకు ఒక దారం, రెండు దారాలు కలిసినచోట ఒక సంఘటన. ఈ ఏడాది మన సంఘం అన్నిటికన్నా శ్రద్ధ పెట్టింది ఈ పటాల మీదే.

పుస్తకం చదివేటప్పుడు గీయకూడదు. సంఘటనకో చీటీ రాయాలి: ఎవరు, ఏ వస్తువు, కథాకాలంలో ఎప్పుడు, ఏ పుట. పుస్తకం అయిపోయాక చీటీలను నేలమీద కథాకాలం వరసలో పరవాలి. రెండు డ్రాయింగ్ చార్టులు పొడవుగా వెనకవైపు అతికించుకుని, ఎడమనుంచి కుడికి కాలం నడిచేలా గీతలు గీయాలి. మనుషులకు నీలం, వస్తువులకు ఎరుపు. రెండు పేర్లతో తిరిగే మనిషికి ఒకటే గీత. అసలు పేరు బయటపడేదాకా చుక్కల గీతగా ఉంచి, అక్కణ్ణుంచి నిండు గీత చేయాలి.

ఎక్కువమంది చేసే తప్పు పుటల వరసలో గీయడం. పదేళ్ల కిందటి సంగతిని కీలర్ చివరి అధ్యాయంలో చెప్తాడు. అలా గీస్తే దారాలు వెనక్కి మళ్లి పటమంతా చిక్కుపడుతుంది. రెండో తప్పు, కాగితాన్ని సమంగా పంచుకోవడం. కథలో చివరి నాలుగోవంతుకు కాగితంలో సగం వదలాలి, ముడులన్నీ అక్కడే పడతాయి. ఇక కథలో కథ. తన పాత చిన్న కథల్నీ, భార్య హేజెల్ రాసినవాటినీ కీలర్ నవలల మధ్యలో పొదిగేస్తాడు. ‘సింగ్ సింగ్ నైట్స్’ లో విద్యుత్ కుర్చీ ఎక్కబోయే ముగ్గురు కథలు చెప్పుకుంటారు, క్షమాభిక్ష దక్కేది ఒక్కరికే. ఇలాంటి లోకథలకు వేరే కాగితం వేసి, అసలు పటానికి ఒకే గీతతో కలపాలి. మజిలీ కథలు విని పెరిగిన చెవులకు ఇది కష్టం కాదు.

పటం గీసినవాళ్లెవరూ మళ్లీ కీలర్ కథల్ని తలాతోకా లేనివి అనలేదు. మనం కాకతాళీయం అని ఒక్కమాటతో తేల్చేస్తాం. కీలర్ పటంలో కాకికి ఒక గీత, తాటిపండుకు ఒక గీత ఉంటాయి. కాకి ఏ ఊరినుంచి బయల్దేరిందో, ఆ తాటిచెట్టు ఎవరి వీలునామాలో ఉందో కూడా రాసి ఉంటుంది. వీలునామా అంటే మామూలు వీలునామా కాదు. ‘ద స్పెక్టకిల్స్ ఆఫ్ మిస్టర్ కాగ్లియాస్ట్రో’ లో కొడుకు వికారమైన నీలి కళ్లజోడును ఏడాదిపాటు పెట్టుకునే తిరగాలని తండ్రి రాసిపోతాడు. ఆ కళ్లజోడుకు తప్పకుండా ఎర్రగీత వేయండి. అది మరిచిపోతే పటం పూర్తికాదు.

అనువాదం, హక్కులు

అనువాదాలు అచ్చువేద్దామన్న కోరిక మీద చట్టం చూశాం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే కీలర్ బతికుండగా అచ్చయిన నవలలకు 2027 డిసెంబరు 31 దాకా. ఆయన పోయాక మొదటిసారి అచ్చయినవాటికి అచ్చయిన మరుసటి ఏడాదినుంచి లెక్క వేరే నడుస్తుంది, వాటి జోలికి వెళ్లొద్దు. ఈలోగా సభలో తగినంత భాగం పైకి చదవడానికి, టికెట్ లేకుండా సభ్యులు ప్రదర్శించడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. జిరాక్సులు తీసి పంచడానికి లేదు.

భాష సంగతి. కీలర్ ఐరిష్‌వాళ్ల, చైనీయుల, నల్లజాతివారి మాటల్ని అక్షరాలు విరిచి రాస్తాడు. వాటిని మన శ్రీకాకుళం యాసలోకో, తెలంగాణ మాటలోకో మార్చకూడదు. అలా చేస్తే షికాగో పాత్రను వదిలి మన పక్కవాళ్లనే వెక్కిరించినట్టవుతుంది. ఆ పాత్రల చిత్రణలో అవమానకరమైనది ఉన్నచోట సభ మొదట్లోనే చెప్పి, యాస అనుకరించకుండా మామూలు గొంతుతో చదవాలి. పేర్లను అనువదించొద్దు. ఫాక్స్‌హార్ట్ క్యూబీచెక్ అన్న ప్రభుత్వ న్యాయవాది అలాగే ఉండాలి. ఇంటిపేర్లలో ఎన్ని వింతలు ఉండొచ్చో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. వచనం పాత డిటెక్టివ్ నవలల గాంభీర్యంతో నడవాలి. చిలిపి మాటలు దొర్లితే కొట్టేయండి.

పుస్తకాల భద్రత

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో వెతికేవారు ఒకటి గమనించాలి. కొన్ని నవలలకు లండన్ ప్రతికీ అమెరికా ప్రతికీ పేర్లు వేరుగా ఉంటాయి. నీలి కళ్లజోడు నవలే ‘ద బ్లూ స్పెక్టకిల్స్’ పేరుతోనూ ఉంది. కొనేముందు మొదటి అధ్యాయం చూడండి.

చౌక కాగితంలో ఆమ్లం ఎక్కువ. అంచులు పెళుసెక్కి, మడిస్తే విరుగుతాయి. చిరిగినచోట సెలోటేపు వేయొద్దు, కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి పాకుతుంది. పలచటి టిష్యూ కాగితాన్ని మైదా జిగురుతో అద్దాలి. జిగురు మరీ పలచగా ఉండాలి, అదీ కొద్దిగా. పిండిపదార్థం మిగిలితే సిల్వర్ ఫిష్ పురుగులు చేరతాయి. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో మూసిపెడితే లోపలి చెమ్మకు బూజు పడుతుంది. బీరువాను గోడకు జానెడు దూరంలో పెట్టి, వేపాకు వేసేవారు బాగా ఎండినదే వేయండి.

జమాఖర్చుల పట్టీ సభలో విడిగా ఇస్తున్నాం. వచ్చే ఏడాది పటానికి ‘సింగ్ సింగ్ నైట్స్’ తీసుకుంటున్నాం. మూడు లోకథలకు మూడు జట్లు కావాలి. చేరదలచినవారు చీటీలకు పోస్టుకార్డు కొలతలో కత్తిరించిన అట్టలు తెచ్చుకోండి. పలచటి కాగితాలైతే ఫ్యాను గాలికి వరస చెదిరిపోతుంది.