తుది నివేదికకూ మొదటి పేజీలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ప్రొపెల్లర్లతో ఎగిరే ప్రయాణికుల విమానం ఏ దేశంలో కూలినా మన పత్రికల్లో రెండు మూడు రోజులపాటు అదే ప్రధాన వార్త అవుతుంది. శకలాల ఫొటోలు, బంధువుల రోదన, బ్లాక్ బాక్స్ దొరికిందన్న సమాచారం వరుసగా వస్తాయి. కారణాలు కూడా మొదటి రోజే తేలిపోతాయి: విమానం పాతది, వాతావరణం బాగాలేదు, లేదా పైలట్ తప్పు చేశాడు. ఏడాదికో రెండేళ్లకో దర్యాప్తు సంఘం వందల పుటల తుది నివేదిక బయటపెట్టేనాటికి పాఠకులకు ఆ ప్రమాదం గుర్తుండదు, పత్రికల్లో దానికి నాలుగు వాక్యాల చోటు దొరికితే గొప్ప. ఈ అలవాటు మారాలని కోరుతూ, నా కోరికకు ఆధారమైన కొన్ని నివేదికల సారాన్ని మీ ముందుంచుతున్నాను.

ఈ విమానాలు మనకు కొత్తవి కావు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న మొదలైనప్పుడు ప్రధాని పచ్చజెండా ఊపిన తొలి మార్గాల్లో కడప–హైదరాబాద్ ఒకటి, దానిపై తిరిగింది రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72 విమానం. కడప, కర్నూలు వంటి ఊళ్లకు నేటికీ ఆకాశమార్గం ప్రధానంగా ఈ రకం విమానమే. ఇటువంటి విమానాలను టర్బోప్రాప్ అంటారు, ఆ పేరు వినగానే పాతకాలపు యంత్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపల తిరిగేది గ్యాస్ టర్బైన్ ఇంజనే, అది ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. చిన్న రన్‌వే చాలుతుంది, తక్కువ దూరాలకు ఇంధనం ఆదా అవుతుంది. ఆ పొదుపు వెంట కొన్ని ప్రత్యేకమైన చిక్కులూ వస్తాయి. జెట్ విమానాలు మేఘాలను దాటి పైకి వెళ్లిపోతే, ఇవి ఎక్కువసేపు మేఘాల మధ్యనే ఎగురుతాయి. రోజుకు ఎన్నోసార్లు దిగి ఎగురుతాయి కనుక కాక్‌పిట్‌లో అత్యధిక శ్రమ అవసరమయ్యే నిమిషాలు వీటికి ఎక్కువ. పైలట్లలో చాలామంది ఇక్కడ అనుభవం సంపాదించుకుని జెట్‌లకు మారిపోతుంటారు.

ఇటీవలి ఉదాహరణల్లో అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసింది నేపాల్‌లోని పొఖరా ప్రమాదంపై వచ్చిన నివేదిక. 2023 జనవరి 15న యతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 కూలి అందులోని 72 మందీ మరణించారు, వారిలో అయిదుగురు భారతీయులు. ఆ విమానం ఒకప్పుడు కింగ్‌ఫిషర్ సంస్థదన్న సంగతి మన మీడియాలో బాగా తిరిగింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన తుది నివేదిక చెప్పిన కారణానికీ ఆ పాత యాజమాన్యానికీ ఏ సంబంధమూ లేదు. కొత్త పొఖరా విమానాశ్రయం తెరిచి అప్పటికి పక్షం రోజులే అయింది. ఎడమ సీటులో ఆ విమానాశ్రయానికి అలవాటుపడుతున్న పైలట్, కుడి సీటులో శిక్షకుడైన పైలట్ ఉన్నారు. ముందు కేటాయించిన వైపు నుంచి కాకుండా రన్‌వే రెండో చివర నుంచి దిగుతామని వారు అడిగి అనుమతి తీసుకున్నారు. ఫ్లాప్‌లను, అంటే నెమ్మదిగా దిగేందుకు రెక్కల వెనక అంచున వాల్చే పలకలను, 30 డిగ్రీలకు దించమని విమానం నడుపుతున్న పైలట్ కోరినప్పుడు, శిక్షకుడు అలాగే చేశానన్నట్టు బదులిచ్చాడు. కానీ ఆయన చెయ్యి కదిపింది ఫ్లాప్ మీటను కాదు, దాని పక్కనే ఉండే, ప్రొపెల్లర్లను అదుపుచేసే రెండు కండిషన్ లీవర్లను. ఆ మీటలు వెనక్కి రావడంతో రెండు ప్రొపెల్లర్ల రెక్కలూ ‘ఫెదర్’ స్థితికి, అంటే గాలికి అంచు మాత్రమే చూపే స్థితికి తిరిగిపోయాయి. ఇంజన్లు నడుస్తున్నా విమానాన్ని ముందుకు లాగే బలం పోయింది. శక్తి రావడం లేదని పైలట్లు గమనించారు, పవర్ లీవర్లను చివరిదాకా తోశారు, అయినా ఫెదర్ అయిన రెక్కలకు ఆ శక్తితో పనిలేదు. మీట కదిలినప్పటి నుంచి విమానం స్టాల్ అయి, అంటే రెక్కలు పైకెత్తే బలం కోల్పోయి, లోయలో పడేదాకా గడిచింది ఇంచుమించు ఒక్క నిమిషం.

దీన్ని ‘పైలట్ తప్పిదం’ అని రెండు మాటల్లో ముగించవచ్చు. అలా ముగిస్తే నివేదికలోని సగం విషయం పోతుంది. కొండల నడుమ కొత్త విమానాశ్రయానికి చాలినంత సన్నాహం లేకుండా విమానాలు నడపడం, ఇరుకైన మలుపు తిరిగి నిలకడ లేకుండా దిగడం, దానివల్ల ఇద్దరిపై పెరిగిన పని ఒత్తిడి, ఏ మీట ఏ స్థితిలో ఉందో చూసి సరిచూసుకోవలసిన పద్ధతిని పాటించకపోవడం, ఇవన్నీ దర్యాప్తు సంఘం వేలెత్తి చూపిన అంశాలే. చెయ్యి పొరపాటున పక్క మీట మీద పడటం ఎవరికైనా జరగవచ్చు. అది ఆ నిమిషంలోనే బయటపడేలా చేసే పద్ధతి సంస్థలో ఉందా లేదా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

తైవాన్‌లో 2015 ఫిబ్రవరి 4న జరిగిన ప్రమాదంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. తైపేలో పైకి లేచిన ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72–600 ఒక వంతెనను, దానిమీద పోతున్న టాక్సీని రాసుకుంటూ నదిలో పడిన వీడియోను లోకమంతా చూసింది. విమానంలోని 58 మందిలో 43 మంది మరణించారు. ప్రొపెల్లర్‌ను తనంతట తానే ఫెదర్ చేసే ఎలక్ట్రానిక్ పరికరంలో టంకం అతుకు సరిగా లేకపోవడంతో రెండో ఇంజన్ వైపు శక్తి పోయింది. కెప్టెన్ మాత్రం చక్కగా పనిచేస్తున్న మొదటి ఇంజన్‌ను తగ్గించి, చివరికి ఆపివేశాడు. తప్పు లీవర్ లాగానని ఆయన అన్న మాట రికార్డయింది. ఒక ఇంజన్ పోయినా రెండోదానితో క్షేమంగా ఎగరగలిగే విమానమది. అటువంటి అత్యవసర పరిస్థితిలో ఆయన తడబాటు శిక్షణ సమయంలోనే పరీక్షకుల దృష్టికి వచ్చిందని దర్యాప్తులో తేలింది. ప్రమాదం తరువాత అధికారులు ఆ సంస్థ ఏటీఆర్ పైలట్లకు ఇంజన్ వైఫల్యంపై మౌఖిక పరీక్ష పెడితే పది మంది తప్పారు. ఈ పది మంది సంగతి, నా దృష్టిలో, వంతెన వీడియో కంటే పెద్ద వార్త.

మధ్యధరా సముద్రంలో 2005 ఆగస్టు 6న దిగవలసి వచ్చిన ట్యూనిషియా విమానం కథ పత్రికా రచయితలకు మరింత అవసరం. ఇటలీలోని బారి నుంచి బయల్దేరిన ఏటీఆర్ 72 రెండు ఇంజన్లూ ఆగిపోయి సిసిలీ సమీపంలో నీళ్లలో పడింది, 39 మందిలో 16 మంది చనిపోయారు. చివరి క్షణాల్లో కెప్టెన్ దేవుణ్ణి తలచుకున్నాడన్న సంగతే ఆ తరువాత ప్రపంచ పత్రికల శీర్షికలకు ఎక్కింది. అసలు జరిగింది ఇది: క్రితం రోజు మరమ్మతులో ఇంధనం కొలిచే మీటరు మార్చినప్పుడు, ఏటీఆర్ 72కు బదులు దానికంటే చిన్నదైన ఏటీఆర్ 42 మీటరు బిగించారు. రెండూ ఒకే కొలతలో ఉంటాయి, ఒకే చోట అమరుతాయి. ట్యాంకుల్లో లేని ఇంధనాన్ని అది ఉన్నట్టు చూపించింది. ప్రార్థన గురించి చదివిన పాఠకుల్లో ఎంతమంది మీటరు గురించి చదివి ఉంటారు?

మరమ్మతు షెడ్డులో మొదలైన ప్రమాదాలు ఇంకా ఉన్నాయి. 1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సాస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్‌కు చెందిన ఎంబ్రేయర్ 120 గాలిలోనే విరిగి 14 మంది మరణించారు. ముందు రాత్రి తోక భాగంలో అంచు మార్చే పని మొదలుపెట్టిన ఒక షిఫ్టువారు 47 స్క్రూలు విప్పారు. షిఫ్టు మారింది. విప్పిన సంగతి చెప్పవలసిన వారు చెప్పలేదు, రాయవలసిన చోట రాయలేదు. ఉదయం విమానం ప్రయాణికులతో ఎగిరిపోయింది. దర్యాప్తు బోర్డు మెకానిక్‌లనూ తనిఖీదారులనూ తప్పుపడితే, సభ్యుడు జాన్ లాబర్ ఒక్కరు విభేదించి, భద్రతను పట్టించుకునే వాతావరణాన్ని సంస్థ యాజమాన్యమే కల్పించలేదని తన అభిప్రాయాన్ని విడిగా నమోదు చేశారు. తరువాతి కాలంలో విమానయాన భద్రత చర్చల్లో పదేపదే ప్రస్తావనకు వచ్చింది ఆయన అసమ్మతే. మన దేశంలోనే 1998 జూలై 30న కొచ్చిలో అలయన్స్ ఎయిర్ డోర్నియర్ 228 పైకి లేస్తూనే అదుపు తప్పి కూలింది, లోపల ఆరుగురు, నేలమీద ముగ్గురు చనిపోయారు. తోక ట్రిమ్‌ను, అంటే విమానం ముక్కు పైకీ కిందికీ వాలకుండా సరిచేసే అమరికను, కదిపే యంత్రభాగాన్ని పట్టి ఉంచవలసిన బిగింపులు వర్క్‌షాపులో సరిగా వేయకపోవడం వల్ల అది ఊడిందని విచారణ చెప్పింది. పాతికేళ్లు దాటిన ఈ ఘటన దక్షిణాది ప్రయాణికుల్లో ఎందరికి తెలుసు?

మంచు పేరుకోవడం మరో పెద్ద కారణం. 1994లో అమెరికాలోని రోజ్‌లాన్ వద్ద ఏటీఆర్ 72 గాలిలో నిరీక్షిస్తూ గడ్డకట్టే జల్లులో తిరుగుతుండగా, రెక్క అంచున మంచును పగలగొట్టే రబ్బరు తొడుగులకు వెనక మంచు గట్టుకట్టి 68 మంది ప్రాణాలు పోయాయి. 2024 ఆగస్టు 9న బ్రెజిల్‌లోని విన్యేదోలో వోపాస్ ఏటీఆర్ గింగిరాలు తిరుగుతూ నేలకూలి 62 మంది మరణించారు. తీవ్రమైన మంచు ఏర్పడవచ్చన్న హెచ్చరిక ముందే ఉందనీ, మంచు తొలగించే వ్యవస్థను ప్రయాణంలో పలుమార్లు వేసి ఆపారనీ ప్రాథమిక నివేదిక పేర్కొంది. మనది వేడి ప్రాంతం కదా అనుకోవడానికి లేదు. ఉష్ణమండలంలోనూ 16 వేల అడుగుల పైన ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుంది. ఏటీఆర్‌లు తరచుగా ఎగిరేది ఆ ఎత్తుకు అటూ ఇటూగానే, వానాకాలంలో ఆ ఎత్తున దట్టమైన తేమ ఉంటుంది.

అలసట గురించి చెప్పకపోతే ఈ లేఖ అసంపూర్ణం. 2009 ఫిబ్రవరిలో బఫెలో సమీపాన కోల్గన్ ఎయిర్ సంస్థ నడిపిన క్యూ400 అనే టర్బోప్రాప్ విమానం కూలి 50 మంది మరణించాక, రాత్రంతా ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చిన సహ పైలట్ సంగతి, స్టాల్ హెచ్చరిక రాగానే ముక్కు దించడానికి బదులు పైకి లాగిన కెప్టెన్ శిక్షణ సంగతి నివేదికలో వెలుగుచూశాయి. మృతుల కుటుంబాలు ఆ నివేదికను చేతపట్టుకుని వాషింగ్టన్ చుట్టూ తిరిగి, పైలట్ల అనుభవం, విశ్రాంతి నియమాలను చట్టం ద్వారా మార్పించాయి. మన దగ్గర వారానికి 48 గంటల విశ్రాంతి, రాత్రి ల్యాండింగ్‌ల తగ్గింపు వంటి నియమాలు వచ్చాక, 2025 డిసెంబరులో దేశంలోని అతిపెద్ద విమాన సంస్థ వేల సర్వీసులు రద్దు చేసింది, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొన్ని సడలింపులిచ్చింది. ఆ వారం పత్రికలన్నీ విమానాశ్రయాల్లో పేరుకుపోయిన సూట్‌కేసుల గురించి రాశాయి. ఆ నియమాలు ఎందుకు వచ్చాయో రాసినవి తక్కువ.

అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు లక్ష్యం ప్రమాదాలను నివారించడమే, నేరం మోపడం కాదు. ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో, తుది నివేదిక వీలైతే ఏడాదిలోగా రావాలి. మన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ కూడా తన నివేదికలను వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఆంగ్లంలో, సాంకేతిక భాషలో. వాటిని మామూలు పాఠకుడికి అర్థమయ్యే తెలుగులో చెప్పగల వేదిక మీ వంటి పత్రికే.

కనుక నా విన్నపాలు మూడు. ఏ ప్రమాదం తుది నివేదిక వెలువడినా, ప్రమాద వార్తకు ఇచ్చినంత చోటు దానికీ ఇవ్వండి. నివేదికలోని సిఫార్సుల్లో మన సంస్థలకు వర్తించేవేవో, వాటిలో ఏవి అమలయ్యాయో ఏడాది తరువాత మళ్లీ అడిగి రాయండి. పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీకాకుళం ఎంపీయే కాబట్టి, ఆయన మన జిల్లాలకు వచ్చినప్పుడు కొత్త విమానాశ్రయాల శంకుస్థాపన తేదీలతో పాటు ఈ సిఫార్సుల అమలు గురించి కూడా మీ విలేకరులు ప్రశ్నించాలి. మొదట పొఖరా నివేదికతోనే ప్రారంభించవచ్చు. ఆ రకం విమానమే రోజూ కడపలో దిగుతోంది.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం