ల్యాబ్ తాళం తీయండి

సంపాదకులకు నమస్కారం.

బడి మానేసిన పిల్లల్ని మళ్లీ చేర్పించడానికి ఏటా టీచర్లు ఇంటింటికీ తిరుగుతున్నారు. మానేయబోయే పిల్లల్ని ఆపగల ల్యాబు గది బడిలోనే ఉంది. దానికి తాళం వేసి ఉంది. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను 28 ఏళ్లు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరై బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాను. మా వీధి చివర అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. అందులో ఒక అబ్బాయి నిరుడు తొమ్మిదో తరగతి. ఊళ్లో తెలుగు మీడియం, ఇక్కడ కన్నడం. లిపి దగ్గరగా ఉంటుంది కాబట్టి కూడబలుక్కుని చదువుతాడు, అర్థం మాత్రం కాదు. దసరా సెలవుల తర్వాత బడి ఎగ్గొట్టి తండ్రితో టైల్స్ పనికి వెళ్లసాగాడు.

ఒక ఆదివారం నేను మిక్సీ విప్పుతుంటే వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. "తాతా, ఇది ఎట్ల తిరుగుతాది?" అన్నాడు. మరుసటి వారం ఎస్.పి. రోడ్డు నుంచి ఎల్‌ఈడీలు, కరెంటును అదుపు చేసే రెసిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ తెచ్చి వాడి ముందు పెట్టాను. ఎల్‌ఈడీని నేరుగా బ్యాటరీకి తగిలించాడు. ఒక్క మెరుపు మెరిసి మాడిపోయింది. తిడతానేమోనని నా ముఖం చూశాడు. ఇంకొకటి చేతికిచ్చి, మధ్యలో రెసిస్టర్ పెట్టమన్నాను. వెలిగింది. "ఎంతది పెట్టాల్నో ఎట్ల తెలుస్తాది?" అదీ వాడి తర్వాతి ప్రశ్న. 9 వోల్టుల్లో ఎర్ర ఎల్‌ఈడీకి 2 పోతే మిగిలేది 7, కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు అని చెప్పాను. పాత కరెంటు బిల్లు వెనక కొట్టివేతలతో 7ను 0.02తో భాగహారం చేసి, రెసిస్టర్ 350 ఓములుండాలని తేల్చాడు. అది ఓం నియమం, పదో తరగతి పాఠం. లెక్కలు రావని బడిలో వెనక బెంచీలో కూర్చోబెట్టిన పిల్లవాడు!

నాలుగు ఆదివారాలయ్యాక వాళ్ల నాన్నతో మాట్లాడాను. "చదువు తలకెక్కడం లేదనే పనికి పిలుచుకుపోయినా సార్" అన్నాడు. కూలి డబ్బుల అవసరం ఆ ఇంట్లో ఉంది, కాదనను. కానీ ఆయన మొదట చెప్పిన కారణం అది కాదు. ముగ్గురం కలిసి బడికి వెళ్లాం, చేర్చుకున్నారు.

ఆ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు సొంత చేతులతో వస్తువులు చేసి నేర్చుకునే గది, ఉందని నాకు ఆరోజే తెలిసింది. 2016లో మొదలైన ఈ కేంద్ర పథకంలో ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. త్రీడీ ప్రింటరు మీద ప్లాస్టిక్ కవరు తీయలేదు. సోల్డరింగ్ ఐరన్లు డబ్బాల్లోనే ఉన్నాయి. ఎవరైనా అధికారులు వస్తే తెరిచి, బాగా చదివే పదిమందిని నిలబెడతారట. ఈ అబ్బాయి రెండేళ్లు ఆ తలుపు ముందు నుంచే క్లాసుకు వెళ్లాడు.

టీచర్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఏదైనా విరిగితే స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టినవారే జవాబు చెప్పుకోవాలి, అదీ వాళ్ల భయం. విరిగినవాటిని, మాడినవాటిని ఎవరినీ ప్రశ్నించకుండా రిజిస్టర్ నుంచి కొట్టేయొచ్చని విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే ఆ భయం తీరుతుంది. మన కుప్పంలో ప్రాంగణమున్న అగస్త్య ఫౌండేషన్ వ్యాన్లలో ప్రయోగ సామగ్రి పల్లె బళ్లకు తీసుకెళ్లి పిల్లల చేతుల్లోనే పెడుతోంది. అక్కడ సాగుతున్న పని మహానగరంలో ఎందుకు సాగదు?

విద్యా హక్కు చట్టం 14 ఏళ్ల దాకే కాపాడుతుంది. పిల్లలు ఎక్కువగా జారిపోయేది ఆ తర్వాత, తొమ్మిది, పది తరగతుల్లోనే. కొత్తగా 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. సంతోషమే, కానీ ముందు ఉన్నవి తెరవండి. హాజరు తగ్గుతున్న పిల్లల్ని మొదట పిలవండి. వారానికి రెండు సాయంత్రాలు చాలు. టీచరు లేరంటే నేను వస్తాను, జీతం అక్కర్లేదు. నాతో పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు ఈ చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్లనూ తీసుకొస్తాను.

– ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్, కె.ఆర్. పురం, బెంగళూరు