అసెంబ్లీలో ఎనిమిది పేర్లు

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

హెచ్‌ఎంగా చార్జి తీసుకున్నావు, పిల్లలను మెచ్చుకునే పద్ధతి ఈ ఏడాది నుంచైనా సరిగ్గా పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను నాన్నా.

మన జిల్లా పరిషత్ బడుల్లో మెచ్చుకోవడం అంటే వార్షికోత్సవమే. దానికి వారం ముందు క్లాస్ టీచర్లను జాబితాలు అడుగుతారు. ఆ హడావిడిలో చేతికి అందేది మార్కుల రిజిస్టరు ఒక్కటే. అందుకే ప్రతి తరగతిలో అదే ముగ్గురు స్టేజి ఎక్కుతారు. వ్యాసరచనలో వాళ్లే, క్విజ్‌లో వాళ్లే. మిగతా పాతికమందీ చప్పట్లు కొట్టడానికి కూర్చుంటారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు, ఏడాది పొడుగునా ఎవరూ ఏదీ రాసిపెట్టుకోలేదు, అంతే. కాబట్టి వార్షికోత్సవం పని జూన్‌లో బడి తెరిచిన రోజే మొదలవ్వాలి.

రెండు వందల పేజీల లాంగ్ బుక్ ఒకటి కొను. తేదీ, పేరు, తరగతి, ఏం చేశారు, ఎవరు చూశారు అని ఐదు గడులు గీయి. స్టాఫ్ రూమ్‌లో అటెండెన్స్ రిజిస్టర్ల పక్కనే పెట్టు, బీరువాలో పెట్టి తాళం వేశావా, ఇక దాన్ని ఎవరూ తెరవరు. నాలుగో గడి దగ్గర మాత్రం పట్టుదలగా ఉండు. ‘మంచి విద్యార్థిని’, ‘క్రమశిక్షణ గలవాడు’ అని రాస్తే ఒప్పుకోకు. ‘ల్యాబ్‌లో బీకరు పగిలితే అడక్కముందే వచ్చి చెప్పింది’, ‘ఇటుక బట్టీల దగ్గర నుంచి కొత్తగా చేరిన పిల్లవాడికి రోజూ పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దించాడు’, ‘భిన్నాల కూడిక మూడుసార్లు తప్పు చేసి నాలుగోసారి తనే తప్పు పట్టుకుంది’ అని రాయాలి. పిల్లలకు ఆ వాక్యమే కావాలి. ‘నువ్వు తెలివైనదానివి’ అంటే రేపు లెక్క రాకపోతే తెలివి లేదేమోనన్న భయం పుడుతుంది. ఫలానా పని చేశావంటే ఆ పని మళ్లీ చేయొచ్చని తెలుస్తుంది.

ఆ పుస్తకంలోంచి ప్రతి శనివారం అసెంబ్లీలో ఎనిమిది పేర్లు, వాళ్లు చేసిన పనితో సహా చదివించు. లెక్క చూసుకో. నీ బడిలో 280 మంది అన్నావు. శనివారానికి ఎనిమిదిమంది చొప్పున 35 వారాల్లో అందరి పేర్లూ వస్తాయి. ఒక్కొక్కరికి ఇరవై సెకన్లు, మొత్తం మూడు నిమిషాలకు లోపే. ప్రతిజ్ఞ అయ్యాక, వార్తలు చదవడానికి ముందు పెట్టు. (ఆ ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ తెలుగులోనే రాశారని, దేశమంతా తమ తమ భాషల్లో చెప్పేది దాన్నేనని ఒక్క రోజైనా పిల్లలకు చెప్పు. చాలామంది టీచర్లకే తెలియదు.)

ప్రతి నెలాఖరుకీ హాజరు పట్టీ నకలు తీసుకుని, పేరు వచ్చినవాళ్లను కొట్టేస్తూ పో. అక్టోబరు నాటికి కొందరు మిగులుతారు. వాళ్లు అల్లరివాళ్లు కారు, వాళ్ల పేర్లు ఎలాగూ అందరి నోళ్లలో నానుతుంటాయి. మిగిలేది మూడో బెంచీలో మాట్లాడకుండా కూర్చునేవాళ్లు. ఆ పేర్లు క్లాస్ టీచరుకూ పీఈటీ గారికీ ఇచ్చి రెండు వారాలు గమనించమను. లేనిది కల్పించి మాత్రం చదవొద్దు, పిల్లలు ఇట్టే పసిగడతారు. వంట దగ్గర అక్కలను కూడా అడుగు, కంచాల వరసలో చిన్నపిల్లలను ముందుకు పంపేది ఎవరో వాళ్లకే తెలుసు.

హాజరు బహుమతి ఎత్తేయమని నా సలహా. కాలిఫోర్నియాలో 14 స్కూల్ డిస్ట్రిక్టుల్లో పదిహేను వేలమందికి పైగా పిల్లల మీద దీన్ని పరీక్షించి చూశారు. స్కూల్ డిస్ట్రిక్టు అంటే ఒక ప్రాంతంలోని బడులన్నిటినీ కలిపి నడిపే స్థానిక యంత్రాంగం. ముందుగా ప్రకటించిన అవార్డు వల్ల హాజరు పెరగలేదు. అప్పటికే ఒక నెల మానకుండా వచ్చినవాళ్లకు చెప్పాపెట్టకుండా ఇచ్చిన అవార్డు వల్ల తర్వాతి నెలలో హాజరు తగ్గింది. ‘అందరికంటే నేనే ఎక్కువ వస్తున్నానన్నమాట’ అని పిల్లలకు అనిపించి ఉంటుందని పరిశోధకుల ఊహ. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నూటికి నూరు శాతం హాజరు బహుమతి కోసం జ్వరంతో వచ్చి కూర్చుంటారు, పక్కవాళ్లకు అంటిస్తారు. మిరపకోతలప్పుడు తమ్ముణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయిన పిల్లకు ఆ బహుమతి తన తప్పులేకుండా పోతుంది. ఆ పిల్ల మళ్లీ బడికి వచ్చిన రోజున గేటు దగ్గర పేరు పెట్టి పలకరించు, చాలు.

ప్రగతి బహుమతి తప్పకుండా పెట్టు, కానీ జాగ్రత్తగా లెక్కకట్టు. ఫార్మేటివ్, అంటే ఏడాది మధ్యలో జరిగే చిన్న పరీక్షల మార్కుల్లో ప్రాజెక్టులకూ నోటు పుస్తకాలకూ వేసేవి కలిసి ఉంటాయి, వాటితో పోల్చొద్దు. సమ్మేటివ్ అంటే టర్ము చివర జరిగే పెద్ద రాతపరీక్ష. కిందటి ఏడాది చివరి సమ్మేటివ్‌నూ ఈ ఏడాది మొదటి సమ్మేటివ్‌నూ పోల్చు. మూడుచోట్ల పొరపాటు జరుగుతుంది. పోయినసారి పరీక్ష రాయనివాడు సున్నా నుంచి నలభైకి ఎగబాకినట్టు కనిపిస్తాడు, వాణ్ని జాబితాలోంచి తీసెయ్యి. తొంభైలో ఉన్న పిల్ల ఎంత కష్టపడినా పెరగడానికి చోటే లేదు, ఆమెను ఈ కొలతతో కొలవొద్దు. మూడోది మరీ ముఖ్యం. పన్నెండు నుంచి ముప్ఫై ఒకటికి వచ్చినవాడు నిజంగా గెలిచాడు, కానీ మైకులో ఆ అంకెలు చదివితే బడంతటికీ వినిపించేది వాడు ఇంకా పాస్ కాలేదన్న మాటే. ‘గణితంలో ముందడుగు’ అని చెప్పి ఊరుకో. అంకెలు వాడి పుస్తకంలో రాసి ఇవ్వు.

పైనుంచి వచ్చే అవకాశాలు కూడా ఇందులో భాగమే. ఎనిమిదో తరగతిలో కేంద్రం పేదపిల్లలకు పరీక్ష పెట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పు ఎన్‌ఎంఎంఎస్ వస్తే ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లు, మొత్తం 48,000. ఎంపికైన రోజున శాలువా కప్పి ఫొటో తీసి అక్కడితో మరిచిపోతారు. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఒకలా ఉన్నా, బ్యాంకు ఖాతా వాడకం లేక ఆగిపోయినా, ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయకపోయినా డబ్బు రాదు. పరీక్షకు దరఖాస్తు పెట్టేనాడే పేర్లు సరిచూడు, రెన్యువల్ బాధ్యత ఒక టీచరుకు పేరుపెట్టి అప్పగించు. మొదటి విడత ఖాతాలో పడిన రోజున అసెంబ్లీలో చెప్పు. పిల్లల సైన్స్ ఆలోచనల కోసం కేంద్రం పెట్టిన ఇన్‌స్పైర్ మానక్‌లో నమూనా తయారీకి 10,000 ఇస్తారు. ఆలోచన పిల్లలదే అయి ఉండాలి. సైన్స్ టీచరు చేసిచ్చిన దాన్ని పిల్లవాడు స్టాల్‌లో వివరించలేక నీళ్లు నమిలితే, వాడికి అది అవార్డు కాదు, అవమానం.

ఇంటికి ఫోన్ చేయించు. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఏదో కొంప మునిగిందనుకుంటారు, కాబట్టి మొదటి మాటే ‘కంగారు పడకండి, మంచి కబురే’ అని ఉండాలి. కూలి పనులకు వెళ్లేవాళ్లు ఎత్తాలంటే సాయంత్రం ఏడు తర్వాతే. రాసి పంపే చీటీ అందరూ చదవలేరు. తొమ్మిది, పది తరగతుల్లో కొందరికి నలుగురిలో పేరు వినబడడమే ఇబ్బంది. ముందు అడుగు, వద్దంటే పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి ఇవ్వు, అదీ గుర్తింపే.

ఇక వార్షికోత్సవం. రెండున్నర గంటలు దాటనివ్వకు. ముఖ్య అతిథి కోసం పిల్లలను ఎండలో కూర్చోబెట్టొద్దు. చెప్పిన వేళకు బడి నిర్వహణ కమిటీ అయిన ఎస్‌ఎంసీ చైర్‌పర్సన్ చేత దీపం వెలిగించి మొదలుపెట్టెయ్, అతిథి వచ్చాక మధ్యలో మాట్లాడిద్దువుగాని. బహుమతులు చివర్న పెడితే బస్సు పిల్లలు వెళ్లిపోయి ఉంటారు, ఖాళీ కుర్చీల ముందు పేర్లు చదవాల్సి వస్తుంది. ప్రతి రెండు నృత్యాలకూ మధ్య పదేసి పేర్లు పిలిపించు. బహుమతులను పిలిచే వరసలోనే బల్ల మీద నంబరు చీటీలతో పేర్చు. ఒకరు చదవాలి, ఒకరు అందించాలి, ఒకరు తర్వాతి ఐదుగురిని మెట్ల దగ్గర నిలబెట్టాలి. పేర్లు ముందు రోజే పిల్లల చేత పలికించుకుని రాసుకోండి, రికార్డులో ఉన్న పేరుతో పిలిస్తే తల్లి కూడా గుర్తుపట్టదు ఒక్కోసారి. ప్లాస్టిక్ కప్పులు వద్దు. నిఘంటువు, అట్లాసు, జామెట్రీ బాక్సు, కథల పుస్తకం, ఏదైనా వాడుకునే వస్తువు. మొదటి వరస కుర్చీలు తల్లిదండ్రులకు. నృత్యాల దుస్తులకు పిల్లల దగ్గర డబ్బు వసూలు చేయనివ్వకు, ఇవ్వలేనివాళ్లు కాలు నొప్పని తప్పుకుంటారు.

ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ముందు తల్లిదండ్రుల సంతకం తీసుకో. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు వాళ్ల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెప్తోంది. హాల్ టికెట్ నంబరు, ఊరు, ఫోన్ నంబరు ఉన్న ఫ్లెక్సీలు అసలు వద్దు.

పదో తరగతి అయ్యాక నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటొచ్చినవాళ్ల పేర్లు గోడ మీద రాస్తావు కదా, అదే గోడ మీద, అదే సైజు అక్షరాల్లో పాలిటెక్నిక్, ఐటీఐలకు వెళ్లినవాళ్లవీ, సప్లిమెంటరీ రాసి గట్టెక్కినవాళ్లవీ రాయించు. సప్లిమెంటరీ అన్న మాట మాత్రం రాయొద్దు.

ఒక్కటి అడ్డుపడిందంటే ఇదంతా వృథా. శనివారం ఎనిమిది పేర్లు మెచ్చుకుని, సోమవారం అదే మైకులో తప్పినవాళ్లను నిలబెడితే పిల్లలకు గుర్తుండేది సోమవారమే. మనసు గాయపడేలా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం నిషేధం కూడా. అలవాటైన టీచర్లు ఉంటారు, అందరి ముందు వాళ్లను తప్పుపట్టకు. గదిలోకి పిలిచి చెప్పు. వాళ్ల పేర్లు కూడా ఆ లాంగ్ బుక్‌లో ఎక్కేలా చూడు, చూసినవాళ్ల గడిలో నీ సంతకం పెట్టు.

వచ్చే ఆదివారం వస్తానన్నావుగా, ఆరు నుంచి పది దాకా హాజరు పట్టీల నకళ్లు తీసుకురా. మొదటి నాలుగు శనివారాలకు ఎవరెవరిని గమనించాలో కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అమ్మ