గ్రంథాలయం ర్యాంపుకు సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

మన శాఖా గ్రంథాలయంలోకి ఇప్పుడు వీల్‌ఛెయిర్‌లో ఎవరూ తోయకుండానే వెళ్లొచ్చు. సిమెంటు, ఇసుక ఇచ్చిన దాతలకు, కూలి తగ్గించుకున్న తాపీ మేస్త్రి గారికి, రెయిలింగ్ వెల్డింగ్ చేసిన తమ్ముళ్లకు మా దివ్యాంగుల సంఘం తరఫున పేరు పేరునా కృతజ్ఞతలు. పాత ప్రభుత్వ భవనాలనూ అందరూ వాడుకునేలా మార్చాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఆ మాట రాసి అనుమతి తెప్పించిన లైబ్రేరియన్ మేడమ్ గారికి ప్రత్యేకంగా.

మేస్త్రి గారి పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. అరుగు ఎత్తు 18 అంగుళాలు. పాత ర్యాంపు ఐదడుగులే. అంత వాలులో కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. అంగుళం ఎత్తుకు కనీసం 12 అంగుళాల పొడవు కావాలి, అంటే 18 అడుగులు. గేటు దాకా అంత జాగా లేదు. అయినా ఆయన వాలు పెంచలేదు. తొమ్మిదడుగులు కట్టి, అక్కడ 5 × 5 అడుగుల చదును వేసి, గోడ వెంట మళ్లించి మిగతా తొమ్మిది కట్టారు. చదును ఉంటేనే కుర్చీ తిరుగుతుంది, చేతులకూ కాస్త ఊపిరి.

లోపల మొరం పొరపొరకీ నీళ్లు కొట్టి దిమ్మిస వేయించారు. ఇది పైకి కనబడదు. మొరం కుంగితే మాత్రం ర్యాంపు, అరుగు కలిసే చోట అర అంగుళం అంచు లేస్తుంది. ముందున్న చిన్న చక్రాలు దానికి తగిలి ఆగితే కూర్చున్నవాళ్లు ముందుకు పడతారు. టైల్స్ ఇస్తానన్న దాత గారు, వానకు జారతాయనగానే ఆ డబ్బు రెయిలింగ్‌కు ఇచ్చారు. టైల్స్ బదులు పచ్చి సిమెంటు మీద అడ్డంగా చీపురు గీతలు పెట్టారు. చక్రాలకు, చంకకర్రలకు మంచి పట్టు.

రెయిలింగ్ రెండు వైపులా, రెండు వరసలు: 90 సెంటీమీటర్లు, 76 సెంటీమీటర్లు. కింది వరస కుర్చీలో ఉన్నవాళ్లకు, పిల్లలకు. అంచున నాలుగంగుళాల గట్టు ఉంది కాబట్టి చక్రం పక్కకు జారదు.

మెట్లు తీసేయనందుకూ సంతోషం. కాలిపర్స్ (కాళ్లకు ఊతంగా కట్టుకునే పట్టీలు) వేసుకునేవాళ్లలో చాలామందికి పొడుగు వాలు కన్నా రెయిలింగ్ ఉన్న నాలుగు మెట్లే సులువు.

గడప చెక్కను నేల మట్టానికి దించారు. తలుపు ఒక్క రెక్క తెరిస్తే కుర్చీ పట్టదు. రోజూ పొద్దున్నే రెండు రెక్కలూ తీసి పెడుతున్న అటెండర్ గారికి దండాలు.

ర్యాంపు మొదట్లో పసుపు పట్టీ వేశాం. దయచేసి అక్కడ బండ్లు పెట్టకండి.