కాలువకు నీళ్లు కట్టేశాక పిల్లల్ని ఒక్కసారి గట్టు మీదికి తీసుకెళ్లండి

సంపాదకులకు,

నమస్కారం. పోయిన జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలిన మూడు నాలుగు రోజులకు, మా చేలోకి నీరెక్కడం లేదని చూడ్డానికి వెళ్లాను. చేలోకి నీరు తెచ్చే చిన్న కాలువ, అదే మా బోదె, దాని తూము దగ్గర గుర్రపుడెక్క దుబ్బులు దుబ్బులుగా పేరుకుని ఉంది. గెడకర్రకు కొడవలి కట్టి లాగుతుంటే మధ్యలోంచి ఓ గుండ్రటి వస్తువు బయటపడింది. తీరా చూస్తే సగం భూగోళం. థర్మోకోల్‌తో చేసింది. నీలం రంగు చాలావరకు పోయింది కానీ ఆకుపచ్చ ఖండాలు ఇంకా కనిపిస్తున్నాయి. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘భూమిని కాపాడుదాం’ అని గుండ్రటి అక్షరాలు.

అది ఎక్కడిదో నాకు తెలుసు. ఫిబ్రవరిలో మా దగ్గరి బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెడితే తాతగా వెళ్లి చూసి, మెచ్చుకుని వచ్చినవాణ్ణే. (మా మనవరాలిది కాదు లెండి, తనది గాలిమర.) ఆ బడి వెనక గోడ దాటితే పంట కాలువే. ఎగ్జిబిషన్ అయ్యాక సామాను ఎటు పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ బడినొక్కదాన్నీ అనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అసలు పాఠాలకు లోటేం లేదు. పర్యావరణం గురించి బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే అంది. మూడో తరగతి నుంచే పరిసరాల విజ్ఞానం ఉంది. హరిత దళాలని, ఎకో క్లబ్బులని ఇరవై ఏళ్లు దాటి నడుస్తున్నాయి. ఏడో తరగతి చదివే మా మనవరాలు ఓజోన్ పొర గురించి ఆగకుండా చెబుతుంది. అమెజాన్ అడవులు తగలబడుతున్నాయని బెంగ కూడా పెట్టుకుంటుంది. మన ఇంటి వెనక మురుగు ఎక్కడికి పోతుందమ్మా అని అడిగితే మాత్రం తెల్లమొహం వేసింది. ఆ అమెజాన్ వైపు నుంచి వచ్చిన మొక్కే మన తూముకు అడ్డంపడ్డ గుర్రపుడెక్క అని చెబితే నమ్మలేదు. పువ్వు బాగుంటుందని ఎవరో తెచ్చుకున్నారట. ఎండ, నిలవ నీరు, మన ఊళ్ల మురుగు, చేలల్లోంచి వచ్చే యూరియా దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఇంత మంచి పాఠం కాలువలో తేలుతుంటే మనం పిల్లల చేత ధ్రువపు ఎలుగుబంటి బొమ్మలు వేయిస్తున్నాం.

ఇందులో చిక్కంతా క్యాలెండర్‌లో ఉంది. డెల్టా కాలువలు సాధారణంగా ఏప్రిల్‌లో కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు, మళ్లీ జూన్ మొదట్లో వదులుతారు. బడులకు సెలవులిచ్చేది ఏప్రిల్ నాలుగో వారంలో, తెరిచేది జూన్ 12న. అంటే కాలువ కడుపులో ఏముందో బయటపడే రోజుల్లో పిల్లలు బడిలో ఉండరు. వాళ్లు వచ్చేసరికి ఎర్రనీళ్లు పారుతూ అన్నీ కప్పేస్తాయి. జూన్ 5 పర్యావరణ దినోత్సవం కూడా సెలవుల్లోనే. దగ్గర్లో ఉన్న నలుగురు పిల్లల్ని పిలిచి, కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్క చేతికిచ్చి ఫొటో తీసుకోవడంతో అది అయిపోతుంది. ఆ మొక్కకు మర్నాడు నీళ్లెవరు పోస్తారో నేనడగను.

నిరుడు ఏప్రిల్‌లో కాలువ కట్టిన రెండో రోజు మా వీధి పిల్లలు నలుగురిని వెంటబెట్టుకుని గట్టు మీద ఓ అర కిలోమీటరు నడిచాను. ముందు చేపల కోసం ఎగబడ్డారు. తర్వాత వాళ్లంతట వాళ్లే చూడటం మొదలెట్టారు. దేవుడి పటాలు, చికెన్ కొట్టు సంచులు, డైపర్లు, సెలైన్ సీసాలు, క్వార్టర్ సీసాల సంగతి సరేసరి. ఓ కుర్రాడు బురదలో కూరుకుపోయిన ప్లాస్టిక్ గ్లాసుల దొంతర చూసి, ‘ఇవి మా అన్నయ్య పెళ్లిలో వెల్‌కమ్ డ్రింక్ ఇచ్చిన గ్లాసులే, బంగారు గీత చూడండి’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఇంకాస్త ముందుకెళ్లాక పురుగుమందు డబ్బా కనిపించింది. ఇది ఎవరిది తాతయ్యా అని మా మనవరాలు అడిగింది. నాది కాదు. కానీ మందు కొట్టాక డబ్బా బోదెలో జాడించి గట్టు మీద పడేసిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ మాటే చెప్పాను.

తిరిగి వస్తూ మంచినీళ్ల చెరువు దగ్గర ఆగాం. కాలువ కట్టబోయే ముందే ఈ చెరువు నింపుకుంటామని, మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరంతటికీ ఇదే ఆధారమని చెప్పాను. ‘అయితే ఆ కాలువ నీళ్లేనా మన కుళాయిలో వచ్చేవి?’ అని ఓ పిల్ల అడిగింది. వడగట్టి, మందు కలిపి వదులుతారమ్మా అన్నాను. ఆ పిల్ల మొహం చూస్తే నా జవాబు ఏమాత్రం సరిపోలేదని తెలిసింది. ఎగువ ఊరు పారేసింది మన చెరువులోకి, మనం పారేసింది దిగువ ఊరి చెరువులోకి పోతుందని తర్వాత వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు. నేను చెప్పలేదు. 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాటన్ దొర మనకు నీళ్లిచ్చాడని ఏటా దండలు వేస్తాం. ఆ నీరు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా వెళ్తుందో మా వీధి పిల్లలకు తెలిసింది మాత్రం ఆ పూటే.

నేను అడిగేది ఇంతే. కాలువ కట్టాక, సెలవులివ్వకముందు, కొన్నేళ్లు ఓ వారం, కొన్నేళ్లు నాలుగు రోజులే దొరుకుతాయి. ఆ రోజుల్లో ఓ పూట ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లల్ని గట్టు మీద నడిపించండి. ఒంటిపూట బడులే కాబట్టి పొద్దున్నే ఏడున్నరకు బయల్దేరితే ఎండ ముదరకముందే తిరిగొస్తారు. కాలువల నీళ్లు చూసుకునే లస్కరు ఒకరు తోడుంటే చాలు. ఏ తూము ఎటు పోతుందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. అక్కడక్కడా మడుగులు ఉంటాయి, గాజుపెంకులు ఉంటాయి కాబట్టి పిల్లల్ని కిందికి దిగనివ్వకూడదు. చెత్త మాత్రం వాళ్ల చేత ఎత్తించకండి. మనం వేసిన చెత్త ఎత్తడం వాళ్ల పాఠం కాదు. అలాంటి పనులు సర్కారు బడి పిల్లల మీదే పడటం నేను చాలాసార్లు చూశాను. నోటుబుక్కులో రాసుకుంటే చాలు, ఏం కనిపించింది, ఎక్కడ కనిపించింది, ఎవరింటి నుంచి వచ్చి ఉంటుంది అని. నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఎలాగూ ఉంది, ఆ రాసుకున్నది ఆ రోజు పంచాయతీలో పెద్దల ముందు చదివించవచ్చు. సర్పంచి గారికి కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది. ఎందుకంటే చాలా ఊళ్లలో చెత్తబండి ఖాళీ అయ్యేది కూడా ఆ కాలువ గట్టు మీదే.

వీలున్న బడులు ఒక టూరు కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవులకు వేసుకోవచ్చు. విహారయాత్రంటే విశాఖ తీసుకెళ్లి బీచ్‌లో ఐస్‌క్రీమ్ కొనిపెట్టడమే అయింది. కోరంగిలో చెక్క వంతెన మీద నడుస్తుంటే మడచెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకోవడం కళ్లారా చూస్తారు. అదృష్టం ఉంటే నీటికుక్కలు కనిపిస్తాయి. 1996 నవంబరు తుఫానులో కొబ్బరి తోటకు తోటే పడిపోవడం చూసినవాణ్ణి. తీరంలో ఆ మడచెట్లు ఎందుకుండాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ ఆ తర్వాత పుట్టిన పిల్లలకు చెప్పాలి.

చివరిగా మీకో విన్నపం. కాలువలు ఎప్పుడు కడతారో మీ పత్రికలో ముందే వార్త వస్తుంది. వచ్చే ఏడాది ఆ తేదీ పక్కనే బడులకు సెలవులిచ్చే తేదీ కూడా వేయండి. మధ్యలో ఎన్ని రోజులున్నాయో హెడ్మాస్టర్లే లెక్క చూసుకుంటారు.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
కొత్తపేట మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా